శనివారం లోపు నొప్పి పోవాలని సూదికి కాలు చాపకండి

ఏడు శనివారాల మొక్కుతో వాడపల్లి వెంకన్న గుడి చుట్టూ తిరుగుతున్న భక్తులకు, ఆత్రేయపురం చుట్టుపక్కల పూతరేకులు తీసే ఆడవాళ్లకు, కొబ్బరి దింపు కార్మికులకు, రావులపాలెం మార్కెట్‌లో అరటి గెలలు మోసే జట్టువాళ్లకు ఈ హెచ్చరిక. మడమ వెనకో, మోచేతి దగ్గరో, జబ్బలోనో నెలల తరబడి నొప్పి పీకుతోందని, ఒక్క సూదితో పోతుందని ఎవరో చెప్పారని, తొందరపడి ఒళ్లు అప్పగించకండి. ఆ సూదిలో మందు ఉందా లేదా, అది ఎక్కడ దిగుతోంది, ఎవరి చేతిలో ఉంది, అంతకుముందు మరొకరి ఒంట్లో దిగిందా అనే నాలుగు సంగతులు తేలకుండా ఒప్పుకోవద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పట్నాల్లో ఫిజియోథెరపీ క్లినిక్కుల బోర్డుల మీద డ్రై నీడ్లింగ్ అనే మాట ఇప్పుడు మామూలైపోయింది. మందేమీ లేకుండా సన్నని సూదిని కండలోకో, కండను ఎముకకు కట్టి ఉంచే టెండన్‌లోకో దించే చికిత్స అది. మన పల్లెల్లో సూదిమందుకున్న గిరాకీ కొత్తది కాదు. ఆర్ఎంపీ దగ్గరకు వెళ్లి బిళ్ల ఇస్తే సరిపెట్టుకోని వాళ్లు, ‘ఒక సూది వేసెయ్యండి బాబూ’ అని అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ పాత అలవాటు, ఈ కొత్త పేరు కలిస్తే జరిగే నష్టం చాలా పెద్దది. వాడపల్లిలో దానికి శనివారం గడువు ఒకటి తోడవుతుంది. ఏడు వారాలు, వారానికి ఏడు ప్రదక్షిణలు. మూడో వారానికో నాలుగో వారానికో మడమ పట్టేస్తే, ఒక వారం తప్పితే మొక్కు ఏమవుతుందోనన్న బెంగతో మనిషి ఏ సూదికైనా సిద్ధపడతాడు.

టెండన్ అంటే ఏమిటో, అందులో సూది దిగితే ఏమవుతుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. అది తెలిస్తే తొందర దానంతటదే తగ్గుతుంది.

పిక్క కింద నుంచి మడమ ఎముక దాకా దిగే లావుపాటి పట్టీని వేళ్లతో పట్టుకుని చూడండి. అది అకిలిస్ టెండన్. మన వైపు దాన్నీ నరం అనే అంటారు గానీ అది నరం కాదు. కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు కొబ్బరి పీచు తాడులో లాగా ఒకే దిశలో పేనుకుని ఉంటాయి. నడిచినా, పరిగెత్తినా, మెట్టెక్కినా మన బరువును మించిన లాగుడును అదే భరిస్తుంది. దానికి రక్తం చాలా తక్కువ అందుతుంది, లోపల జీవకణాలూ తక్కువే. అందుకే కండ గాయమైతే రోజుల్లో మానుతుంది, టెండన్ గాయమైతే నెలలు పడుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్తలు 2013లో ఒక విచిత్రమైన సంగతి బయటపెట్టారు. అణ్వస్త్ర పరీక్షల కాలంలో గాలిలో పెరిగిన కార్బన్-14 ఆనవాళ్లను బట్టి అకిలిస్ టెండన్ నడిబొడ్డు వయసు లెక్కగట్టారు. పదిహేడేళ్ల లోపు తయారైన కొల్లాజెనే జీవితాంతం అక్కడ ఉంటుందని, ఆ తర్వాత దాదాపు మారనే మారదని తేలింది. అరవై ఏళ్ల మనిషి మడమ వెనక ఉన్నది బడికి వెళ్లే వయసులో పోసుకున్న పట్టీయే. పాడు చేసుకుంటే కొత్తది పుట్టదు, అతుకు పడుతుందంతే.

నెలల తరబడి నొప్పి పెట్టే టెండన్‌లో చాలామంది అనుకున్నట్టు ఉత్త వాపు మాత్రమే ఉండదు. పోగుల వరస చెదిరిపోతుంది. గట్టిదైన ఒకటో రకం కొల్లాజెన్ తగ్గి, బలం తక్కువైన మూడో రకం పెరుగుతుంది. లేని చోట సన్నని రక్తనాళాలు, వాటితోపాటు నొప్పి తెలిపే నరాల కొసలు మొలుస్తాయి. అంటే అరకొరగా మాని అక్కడే ఆగిపోయిన గాయం అది. నొప్పి బిళ్ల వేసుకుంటే నొప్పి తగ్గినట్టనిపించి, బిళ్ల ఆపగానే తిరిగి రావడం ఇందుకే.

డ్రై నీడ్లింగ్ వెనక ఆలోచన ఇక్కడి నుంచే వచ్చింది. ఆగిపోయిన మానుదలను మళ్లీ కదిలించడానికి చిన్న కొత్త గాయం చేస్తారు. సూది దిగిన చోట సన్నగా రక్తం ఊరుతుంది. ఆ రక్తంలోని ప్లేట్‌లెట్లు గాయం మాన్పే పదార్థాలను వదులుతాయి. కొత్త కణాలు అక్కడికి చేరి కొల్లాజెన్ అల్లడం మొదలుపెడతాయి. నరాల కొసల నుంచి విడుదలయ్యే రసాయనాలతో చుట్టుపక్కల రక్తనాళాలు విప్పారతాయి. సూది గుచ్చినప్పుడు అకిలిస్ టెండన్‌లో రక్తం, ఆక్సిజన్ పెరుగుతాయని జపాన్ పరిశోధకులు 2010లో కొలిచి చూపించారు. సూదిని మెల్లగా మెలిపెడితే చర్మం కింది పోగులు దానికి చుట్టుకుంటాయని, ఆ లాగుడుకు కణాల ఆకారమే మారుతుందని అమెరికాలో హెలెన్ లాంజెవిన్ చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల భుజం టెండన్‌లో అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది గుచ్చితే మానుదల త్వరగా మొదలైందని, శాశ్వత నష్టం జరగలేదని 2019లో మరో పరిశోధన చెప్పింది.

కాబట్టి డ్రై నీడ్లింగ్‌ను బూటకం అనడం లేదు. దాని వెనక జీవశాస్త్రం ఉంది. అయితే దాని పక్షాన చెప్పిందంతా గాయం అనే మాట చుట్టూనే తిరుగుతోందని గమనించండి. అదంతా జరిగింది కూడా సూది ఎక్కడ దిగుతోందో కొలిచి, చూసి చేసినప్పుడు. మనుషుల మీద జరిగిన పరీక్షల్లో చాలావరకు చిన్నవి. వాటిలోనూ ఎక్కువ చోట్ల సూదితోపాటు వ్యాయామం కూడా చేయించారు కనుక మేలులో సూది వాటా ఎంతో, వ్యాయామం వాటా ఎంతో విడదీయడం కష్టం. దీన్ని ఒక్క దెబ్బతో నొప్పి మాయం చేసే మంత్రంగా అమ్మితే అది అబద్ధం.

కొత్త గాయానికి తన లెక్క తనకుంటుంది. మొదటి కొన్ని రోజులు వాపు. తర్వాత కొన్ని వారాలు కొత్త పోగులు అల్లుకుంటాయి, అవి ఇంకా మెత్తగా, అడ్డదిడ్డంగా ఉంటాయి. అవి వరసకు వచ్చి గట్టిపడటానికి నెలలు పడుతుంది. టెండన్‌లో పదుల సార్లు సూది పొడిపించుకుని, నొప్పి తగ్గినట్టుందని మర్నాడే రద్దీలో ఏడు ప్రదక్షిణలు చేయడం అంటే తడి ఆరని అతుకు మీద పూర్తి బరువు వేయడమే. శుక్రవారం సూది, శనివారం ప్రదక్షిణ అనే లెక్క ఏ వైద్యుడూ వేయడు. అలా వేసి చెప్పేవాణ్ని నమ్మకండి.

ఇంతకన్నా ప్రమాదకరమైనది మరొకటుంది. డ్రై నీడ్లింగ్ అనుకుని, లేదా ఏదో నొప్పి సూది అనుకుని మీరు వేయించుకునేది స్టెరాయిడ్ ఇంజెక్షన్ కావచ్చు. రెండూ సూదులే గానీ చేసే పనులు ఒకదానికొకటి ఎదురు. మందులేని సూది గాయాన్ని రేపి మానుదలను పిలుస్తుంది. స్టెరాయిడ్ వాపును అణచి మానుదలనే ఆపుతుంది. కొల్లాజెన్ తయారీ తగ్గుతుంది, టెండన్ కణాలు దెబ్బతింటాయి, పట్టీ బలహీనపడుతుంది. ఆపైన నొప్పి తెలియదు కనుక మనిషి ఎప్పటిలాగే బరువు వేస్తాడు. అకిలిస్ టెండన్‌లోకి నేరుగా స్టెరాయిడ్ ఎక్కిస్తే అది తెగిపోయే ప్రమాదం ఉందని వైద్య పుస్తకాలన్నీ హెచ్చరిస్తాయి. వేసిన వారంలో హాయిగా ఉంటుంది, కాదనను. ఆ హాయి ఖరీదు తర్వాత తెలుస్తుంది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో మోచేతి టెండన్ నొప్పి ఉన్న 165 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. ఏడాదిలోగా నొప్పి తిరగబెట్టిన వాళ్లు మందులేని ఉత్తుత్తి సూది పడినవారిలో నూటికి 12 మంది అయితే, స్టెరాయిడ్ పడినవారిలో 54 మంది.

ఈ లెక్క పూతరేకులు తీసే ఆడవాళ్లు తప్పకుండా వినాలి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, పక్కన పలచటి జయ బియ్యం పిండి నీళ్లు. గుడ్డను అందులో ముంచి, కాలుతున్న కుండ మీద పరిచి, ఒక్క ఊపున లాగాలి. క్షణంలో రేకు వస్తుంది. మళ్లీ ముంచాలి, మళ్లీ లాగాలి. రోజంతా అదే పని. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన, మోచేతి బయటి వైపు టెండన్లు అరిగిపోయేది ఇలాంటి కదలికతోనే. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, దేశమంతా చెప్పుకుంది. ఆ రేకు తీసే మణికట్టు సంగతి ఎవరూ అడగలేదు. పని ఆపితే ఆ రోజు కూలి పోతుంది కనుక సాయంత్రం ఒక సూది వేయించుకుని ఉదయం మళ్లీ కుండ ముందు కూర్చోవాలనిపించడం సహజం. తప్పు వాళ్లది కాదు. ఏటా రెండు మూడు సార్లు అదే చోట స్టెరాయిడ్ పడితే ఆ చెయ్యి ఎంతకాలం పనిచేస్తుందో వాళ్లకు ఎవరూ చెప్పకపోవడం తప్పు. దింపు కార్మికుడి పరిస్థితి ఇంకా ప్రమాదం. జబ్బలో నొప్పి తెలియకుండా చేసి పంపితే, ఆ టెండన్ చెట్టు మీద ఉన్నప్పుడే తెగవచ్చు.

ఇక సూది శుభ్రత. ఇందులో రాజీ లేదు. హెపటైటిస్-బి ఉన్నవారి రక్తం అంటిన సూది, టీకా లేని మనిషికి గుచ్చుకుంటే నూటికి ముప్పై మందికి దాకా జబ్బు అంటుకోవచ్చు. ఆ వైరస్ ఒంటి బయట, ఆరిపోయిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతుకుతుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే సూది శుభ్రమవుతుందన్న నమ్మకం ప్రాణాంతకం. 2009లో గుజరాత్‌లోని మోడాసాలో హెపటైటిస్-బి ప్రబలి పదుల ప్రాణాలు పోయాయి. వాడిన సిరంజిలు, సూదులు మళ్లీ వాడటమే అక్కడ బయటపడిన కారణం. 2018 మొదట్లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా బంగర్‌మవులో పదుల మందికి హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది. తక్కువ డబ్బుకు ఇంటింటికీ తిరిగి ఒకే సిరంజితో సూదులు వేసిన నకిలీ వైద్యుడి వైపే వేళ్లన్నీ చూపించాయి. ఆ ఊళ్లవాళ్లు అమాయకులై మోసపోలేదు. దగ్గరలో దొరికిన వైద్యం, చేతిలో ఉన్న డబ్బు, తగ్గాలన్న తొందర, ఇవే వాళ్లను అక్కడికి చేర్చాయి. ఆ మూడూ మనకూ ఉన్నాయి.

డ్రై నీడ్లింగ్ సూది జుట్టులా సన్నగా ఉంటుంది, లోపల బోలు ఉండదు. రక్తం కనపడనంత మాత్రాన దాన్ని కడిగి మళ్లీ వాడవచ్చని కాదు. సీలు మీ కళ్ల ముందే తెంపాలి. వాడిన సూది గుచ్చుకోని, కారని తెల్ల డబ్బాలో పడాలి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు చెప్పేది అదే. ఆ డబ్బా లేని గదిలో కూర్చోకండి. చర్మం సరిగా శుభ్రం చేయకపోయినా, కలుషితమైన నీళ్లు తగిలినా కొన్ని సూక్ష్మజీవులు లోపలికి పోయి నెమ్మదిగా గడ్డ కడతాయి. కొన్ని వారాల తర్వాత బయటపడతాయి, మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగవు. మధుమేహం ఉన్నవాళ్లకు ఇది మరీ ముప్పు. వాళ్ల టెండన్లు ముందే బిగుసుకుపోయి ఉంటాయి, గాయం ఆలస్యంగా మానుతుంది, కాలికి స్పర్శ తగ్గి ఉంటే చీము పట్టినా తెలియదు. గుండెకు స్టెంట్ పడి రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి చెప్పకుండా సూదికి ఒప్పుకోకూడదు.

మెడ, భుజం, వీపు పైభాగం దగ్గర సూది అంటే ఇంకో మెట్టు జాగ్రత్త కావాలి. చర్మానికి కొద్ది లోతులోనే ఊపిరితిత్తి ఉంటుంది. సూది తగిలితే గాలి బయటికి చేరి ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది. శిక్షణ ఉన్నవారి చేతుల్లోనూ ఇది జరుగుతుంది. అమెరికాలో ఫిజియోథెరపిస్టులు చేసిన 20 వేలకు పైగా డ్రై నీడ్లింగ్ చికిత్సలను లెక్కిస్తే మూడోవంతుకు మించి వాటిలో చిన్నపాటి రక్తస్రావం, కమిలిపోవడం, నొప్పి వంటివి వచ్చాయి. వెయ్యికి ఒకటి చొప్పున పెద్ద ప్రమాదం జరిగింది. చదువుకుని, లైసెన్సు తీసుకుని చేసినవాళ్ల లెక్క ఇది. 2020 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు టైరాడ్ టేలర్‌కు పక్కటెముకల నొప్పికి జట్టు వైద్యుడే వేసిన మందు సూది ఊపిరితిత్తిని గుచ్చింది. కోట్లు ఖర్చుపెట్టే జట్టు వైద్యుడి చేతిలోనే అలా జరిగితే, రెండు మూడు రోజుల వర్క్‌షాపుతో సర్టిఫికెట్ తెచ్చుకున్న చేతి గురించి, ఆ సర్టిఫికెట్ కూడా లేని చేతి గురించి వేరే చెప్పాలా?

సూది పడిన తర్వాత, అది అదే రోజైనా మర్నాడైనా, ఆయాసం వచ్చినా, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు పొడిచినా 108కి ఫోన్ చేయండి. సూది వేసిన చోట ఎర్రబడి, వేడెక్కి, వాచి, జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్లండి, సూది వేసినవాడి దగ్గరకే మళ్లీ వెళ్లకండి. నడుస్తుండగా మడమ వెనక ఎవరో తన్నినట్టో, టప్‌మని తెగినట్టో అనిపించి, మునివేళ్ల మీద లేవలేకపోతే టెండన్ తెగిందనే అనుమానించాలి. అలాంటి కాలితో ఒక్క ప్రదక్షిణ కూడా చేయకూడదు. ఇంకొక మాట: జ్వరానికో, మూత్రంలో మంటకో సిప్రోఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్ వాడుతుండగా మడమ నొప్పి మొదలైతే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఈ మందులు టెండన్‌ను తెంపగలవని 2008లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అతి తీవ్రమైన హెచ్చరికను వాటి మీద అచ్చు వేయించింది. మన దగ్గర అవి చీటీ లేకుండానే చేతికొస్తున్నాయి.

మరి నొప్పికి ఏం చేయాలి? టెండన్‌ను బాగుచేసే మొదటి మందు మెల్లగా, పద్ధతిగా పెంచుకుంటూ పోయే బరువు. స్వీడన్ వైద్యుడు హకన్ అల్ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించిన వ్యాయామం ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించడం, పదిహేను సార్ల చొప్పున మూడు విడతలు, రోజుకు రెండు పూటలు, పన్నెండు వారాలు. దీనికి కావలసింది ఇంటి ముందు మెట్టు ఒక్కటే. అయితే నొప్పి మడమ ఎముకకు అతుక్కున్న చోటే ఉంటే మెట్టు కిందికి దించకూడదు, నేల మీదే చేయాలి. నొప్పి అరికాలి మడమలో ఉంటే అది వేరే జబ్బు, వ్యాయామం వేరు. అందుకే ముందు చూపించుకోవాలి అనేది. కొత్తపేట ప్రభుత్వ ఆసుపత్రిలోనో, అమలాపురం ఏరియా ఆసుపత్రిలోనో, అవసరమైతే కాకినాడ జీజీహెచ్‌లోనో ఎముకల డాక్టరుకు చూపించి, అర్హత ఉన్న ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామం నేర్చుకోండి. నెలలు గడిచినా తగ్గకపోతే, అప్పుడు అల్ట్రాసౌండ్‌లో చూసి, చదువు ఉన్న చేతితో సూది గుచ్చించుకోవడం గురించి ఆలోచించవచ్చు. ఆ తర్వాత కూడా విశ్రాంతి, వ్యాయామం తప్పవు.

మొక్కు గురించి భయపడేవారికి ఒక్క మాట. నడవలేని స్థితిలో శనివారం ఆగితే స్వామి అలగడు. ఇంటి పెద్దలు, అర్చకులు ఈ మాట భక్తులకు నోరు తెరిచి చెబితే ఎన్నో కాళ్లు నిలుస్తాయి. శనివారం రద్దీకి చేసే ఏర్పాట్లలో ఒక ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టమని, దూరప్రాంతాల నుంచి కాలినడకన వచ్చేవారి పాదాలు చూసి పంపమని దేవస్థానాన్ని, దేవాదాయ శాఖను కోరుతున్నాం. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ చేయాల్సింది ఇంకా ఉంది. ప్రైవేటు వైద్య సంస్థలన్నీ రిజిస్టరు కావాలని 2002 చట్టం చెబుతోంది. అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా అని 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం చెబుతోంది. సూదుల డబ్బా ఉందా, స్టెరాయిడ్ సీసాలు ఎవరి దగ్గర ఉన్నాయి అని తనిఖీ చేయడానికి ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరికో ఏదో అయ్యాక చేసే తనిఖీ మాకు వద్దు, ఇప్పుడే చేయాలి.

ఇప్పటికే ఎక్కడో సూది వేయించుకుని, అది వాడిన సూదేమోనని లోపల లోపల మథనపడుతున్నవారు సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. సూది పడి మూడు రోజులు దాటకపోతే ఈ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. హెచ్ఐవీ రాకుండా ఆపే మందులు 72 గంటల లోపు మొదలుపెడితేనే పనిచేస్తాయి. హెపటైటిస్-బి టీకా ఎంత త్వరగా పడితే అంత మేలు. నెలలు గడిచిపోయి ఉంటే హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్ఐవీ మూడు రక్త పరీక్షలూ చేయించుకోండి. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో హెపటైటిస్ పరీక్ష, మందు ఉచితం. హెపటైటిస్-సి ఇప్పుడు కొన్ని వారాల పాటు బిళ్లలు వేసుకుంటే నయమవుతుంది.